మోకాలి నొప్పియు, ‘గుజ్జు’ సూదిమందును
(పంచాయతీ సభ్యులకు ఆరోగ్య పాఠము)

పంచాయతీ సభ్యునికడకు ప్రజలు రోడ్డు కొరకును, మంచినీటి కొరకును, వీధిదీపముల కొరకును మాత్రమే వచ్చుట లేదు. “పట్టణములో డాక్టరుగారు ఇట్లు చెప్పినారు, మీరేమందురు?” అని అడుగుటకును వచ్చుచున్నారు. సభ్యుడు వైద్యుడు కాడు. వైద్యుడు చెప్పవలసినది ఆయన చెప్పకూడదు. ఐనను ఊరివారు ఆయన మాటకు విలువ నిత్తురు గనుక, తరచుగా వచ్చు ప్రశ్నలను గూర్చి నాలుగు నిజములు ఆయనకు తెలిసియుండుట ఊరికి మేలు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఆ విధముగా చూచినను ఇది మన పనియే.

ఒక ఉదాహరణ తీసికొందము. 62 ఏండ్ల వ్యవసాయ కూలీ ఒకామె. చిన్ననాటి నుండి నాట్లు వేసి, కలుపు తీసి, కుప్పలు నూర్చిన మనిషి. రెండేండ్లుగా కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగలేదు, పీటపై కూర్చుండి లేవలేదు. పట్టణములో ఎక్స్‌రే తీయించగా, అరుగుదల కనిపించినదనియు, జెల్ సూదిమందు వేయించుకొనవచ్చుననియు చెప్పిరి. దానికి వేల రూపాయలు కావలెను. ఇంట పాలిచ్చు గేదె యొకటే ఆధారము. దానిని అమ్ముటకు ముందు ఆమె వార్డు సభ్యుని అరుగుమీదికి వచ్చి, “బాబూ, ఆ సూది వేస్తే మోకాట్లో గుజ్జు మళ్ళీ ఊరుతుందటగా?” అని అడిగినది.

ఇట్టి ప్రశ్న ఏ గ్రామములోనైనను వినవచ్చును. ఈ వ్యాసమున మేము ఆమెకు ఈయదగిన సమాధానమును వివరింపదలచితిమి.

ఒక మాట, రెండు వస్తువులు

చిక్కంతయు ‘గుజ్జు’ అను మాటలోనే యున్నది. మోకాలిలో నున్న రెండు వేర్వేరు వస్తువులను మనము ఈ యొక్క మాటతోనే పిలుచుచున్నాము.

మొదటిది మృదులాస్థి. మేకకాలి కీలును విడదీసినప్పుడు ఎముక చివర తెల్లగా, నున్నగా మెరయు పొర కనిపించును గదా, అది మనకును కలదు. తొడయెముక క్రింది చివరను, కాలియెముక పైచివరను, మోకాటిచిప్ప లోపలి వైపును ఈ పొర కప్పియుండును. ఎముకపై ఎముక ఒరసికొనకుండ కాపాడునది ఇదియే. ఈ పొరకు రక్తనాళములు లేవు. కావున ఒకసారి అరిగిన తిరిగి పెరుగుట మిక్కిలి కష్టము.

రెండవది కీలుద్రవము. ఇది కోడిగ్రుడ్డు తెల్లసొన వలె జిగురుగా నుండును. ఆరోగ్యవంతమైన మోకాలిలో ఇది ఒక చిన్న చెంచాడు లోపే యుండును. బండి ఇరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఇది అట్టిది.

ఎక్స్‌రే చూచి “అరిగినది” అని చెప్పునది మొదటిదానిని గూర్చి. సూదిమందుతో ఎక్కించునది రెండవదానికి సంబంధించిన పదార్థము. వాడుకలో రెండును ‘గుజ్జు’యే యగుటచేత, అరిగిన పొర తిరిగి మొలచునని ప్రజలు నమ్ముచున్నారు. కందెన పోసినంత మాత్రమున అరిగిన ఇరుసు పూడదు. ఈ ఒక్క భేదమును ఊరివారికి తెలియజెప్పిన యెడల, సభ్యుడు తన కర్తవ్యములో సగము నెరవేర్చినట్లే.

నొప్పి ఎచ్చటినుండి వచ్చును?

మృదులాస్థిలో నరములును లేవు. కనుక అది అరుగుటయే నేరుగా నొప్పి కాదు. దాని క్రింది ఎముక, కీలును చుట్టియున్న పొరల వాపు, బలహీనపడిన తొడ కండరములు, ఇవి యన్నియు కలిసి నొప్పిని కలిగించును. అందువలననే ఎక్స్‌రేలో ఎంతో అరుగుదల యున్నను సుఖముగా నడచువారు కలరు. కొద్ది అరుగుదలతోనే మంచమెక్కినవారును కలరు. చిత్రమును చూచి గాక, మనిషి నడకను చూచి చికిత్స నిర్ణయింపవలెను.

ఈ వ్యాధికి వయస్సు, అధిక బరువు, పూర్వము తగిలిన దెబ్బలు, వంశపారంపర్యము, గొంతుకూర్చుండియు మోకరిల్లియు ఏండ్ల తరబడి చేసిన పని కారణములు. 50 ఏండ్లు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ.

మోకాలి నొప్పులన్నియు ఇదియే యని భావింపరాదు. ఉదయమున గంటకు మించి కీళ్ళు బిగిసియుండి, చేతివ్రేళ్ళు కూడ వాచిన యెడల అది వేరొక కీళ్ళవాతము కావచ్చును. చికున్‌గున్యా జ్వరము తరువాత నెలల తరబడి కీళ్ళు నొచ్చుట మన ప్రాంతమువారు 2005–06లో చూచినదే. ఫ్లోరైడు అధికముగా నున్న నీరు త్రాగు గ్రామములలో ఎముకలును కీళ్ళును బిగిసిపోవును. నాటి నెల్లూరు జిల్లాలోని ఇట్టి వ్యాధిని వైద్యులు 1937లోనే వర్ణించిరి. వీటిలో దేనికిని జెల్ సూదిమందు మార్గము కాదు. వ్యాధి యేదో ముందుగా తేల్చుకొనవలెను.

ఈ జెల్ ఎచ్చటిది?

దీని పేరు హయాలురోనిక్ ఆమ్లము. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు ఆవు కంటిలోని గాజువంటి పదార్థమునుండి దీనిని వేరుచేసిరి. తరువాత కోడిపుంజు జుట్టునుండి దీనిని తీయుట నేర్చిరి. ఇప్పుడు సూక్ష్మజీవుల సహాయముతో పులియబెట్టియు తయారు చేయుచున్నారు. అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 1997లో దీనిని మోకాలి నొప్పికి అనుమతించినది.

మోకాలిని శుభ్రము చేసి, కీలు లోపలికి సూది పంపి, దీనిని ఎక్కింతురు. కొన్ని రకములు ఒకేసారి వేయునవి. కొన్ని వారమున కొకటి చొప్పున మూడు మొదలు ఐదు సార్లు వేయునవి. ఆసుపత్రిలో పండుకొనవలసిన అవసరము లేదు. ఎక్కించిన జెల్ రకమును బట్టి కొన్ని దినములలోనో, కొన్ని వారములలోనో శరీరములో కరగిపోవును. అది అచ్చటనే నిలిచి క్రొత్త పొరగా మారదు.

పరీక్షలలో తేలినది

ఒక మందు పనిచేయునా లేదా అని తెలిసికొనుటకు వైద్యశాస్త్రమున ఒక న్యాయమైన పద్ధతి కలదు. రోగులను చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు మందును, రెండవ జట్టునకు ఉప్పునీటి సూదిని వేయుదురు. ఎవరికి ఏది వేసిరో రోగులకు తెలియనీయరు. ఇట్టి పరీక్షలను కూడదీసి 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో ఒక పెద్ద సమీక్షను ప్రకటించిరి. అందు 169 పరీక్షలు, 21,000 మందికి పైగా రోగులు చేరియున్నారు. పెద్ద పరీక్షలను లెక్కింపగా, 100 పాళ్ళ కొలతపై జెల్ వేసినవారికిని ఉప్పునీరు వేసినవారికిని నొప్పి తగ్గుదలలో కనిపించిన తేడా సుమారు 2 పాళ్ళు. రోగికి ఉపయోగమనిపించవలెనన్న సుమారు 9 పాళ్ళ తేడా యుండవలెనని ఆ సమీక్షకులు గ్రహించిరి.

“మా వదినకు తగ్గినదే, అది అబద్ధమా?” అని ఎవరైనను అడుగవచ్చును. అబద్ధము కాదు. ఆమెకు నిజముగానే తగ్గియుండును. కాని ఉప్పునీటి సూది వేయించుకొన్నవారిలో కూడ చాలమందికి తగ్గినది. దీనికి రెండు కారణములు ముఖ్యము. ఈ నొప్పి అలవలె హెచ్చుచు తగ్గుచు నుండును. మిక్కిలి హెచ్చినప్పుడే మనము సూదికి పోవుదుము, తరువాత అది సహజముగానే కొంత దిగును. రెండవది, చికిత్స జరిగినదను నమ్మకమే నొప్పిని కొంత తగ్గించును. కావున పొరుగువారి అనుభవము ఎంత నిజమైనను, మందు బలమునకు అది కొలత కాదు.

వైద్య సంఘములన్నియు ఈ విషయమున ఏకాభిప్రాయము కలిగి లేవు. ఇంగ్లండులోని జాతీయ వైద్య ప్రమాణ సంస్థ 2022లో దీనిని వేయవద్దని చెప్పినది. అమెరికా కీళ్ళవైద్యుల సంఘము 2019లో సాధారణముగా వలదని, ఐనను ఇతర మార్గములు ఫలింపని కొందరి విషయమున వైద్యుడు రోగితో చర్చించి నిర్ణయింపవచ్చునని అభిప్రాయపడినది. అదే సంవత్సరమున అంతర్జాతీయ కీళ్ళ అరుగుదల పరిశోధన సంఘము మోకాలి విషయమున కొన్ని షరతులతో దీనిని అంగీకరించినది. ఉపయోగము కనిపించువారిలో అది 8 వారముల ప్రాంతమున ఎక్కువగా నుండి, 6 నెలలలో తరిగిపోవునని కొన్ని పరిశీలనలు తెలుపుచున్నవి.

హాని లేదా?

కొందరికి సూది వేసిన మోకాలు కొన్ని దినములు వాచి నొచ్చును. అరుదుగా కీలులో చీము చేరును. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరము వచ్చిన యెడల ఆ దినమే ఆసుపత్రికి చేర్పవలెను, తెల్లవారువరకు ఆగరాదు. ఇందాక చెప్పిన 2022 సమీక్షలో తీవ్రమైన ఇబ్బందులు ఉప్పునీటి జట్టు కంటె జెల్ జట్టులో కొంత ఎక్కువగా కనిపించినవి. కోడిమాంసము, గ్రుడ్డు సరిపడనివారు ఆ సంగతిని వైద్యునితో ముందే చెప్పవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. ‘కీళ్ళ సూది’ యను పేరుతో అర్హత లేనివారు స్టెరాయిడు మందును ఇండ్లలోనే ఎక్కించుట. స్టెరాయిడు సూది అర్హుడైన వైద్యుని చేతిలో కొన్ని వారములపాటు ఉపశమనమిచ్చు మందే. కాని మాటిమాటికి వేయరాదు. 2017లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరీక్షలో 140 మందికి 3 నెలల కొకసారి చొప్పున రెండేండ్లు సూది వేసి చూచిరి. స్టెరాయిడు పొందినవారికి ఉప్పునీరు పొందినవారికంటె నొప్పి ఎక్కువగా తగ్గలేదు సరికదా, మృదులాస్థి ఎక్కువగా అరిగినది. మధుమేహము గలవారికి ఈ సూదివలన రక్తములో చక్కెర కూడ పెరుగును. కావున ఏ సూది వేయుచున్నారో పేరు తెలిసికొనకుండ ఎవరును మోకాలు చాపరాదు.

సూదికి ముందు చేయవలసినవి

మొదటి చికిత్స వ్యాయామము. మోకాలిని మోయునది తొడ ముందుభాగపు కండరము. అది బలపడిన నొప్పి తగ్గును. ఖర్చు లేదు.

1. కుర్చీలో కూర్చుండి, ఒక కాలిని నేరుగా చాపి, పది లెక్కించునంతవరకు నిలిపి దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిసార్లు.

2. వెల్లకిల పండుకొని, ఒక మోకాలిని మడిచి, రెండవ కాలిని వంచకుండ జానెడెత్తు లేపి, ఐదు లెక్కించి దింపవలెను. పదిసార్లు.

3. ఎత్తైన కుర్చీ నుండి, వీలైనంతవరకు చేతులూనకుండ లేచి కూర్చుండవలెను. ఐదుసార్లతో ఆరంభించి పెంచవలెను.

దినమునకు రెండు పూటలు, కనీసము 3 నెలలు చేయవలెను. ఆరంభమున కొంచెము నొచ్చుట సహజము. మరునాటికిని ఆ నొప్పి తగ్గకున్న, సంఖ్యను తగ్గించి కొనసాగింపవలెను. సమతలముపై నడక కూడ మంచిదే. “కీలు అరిగినది, కదలవద్దు” అను సలహా తప్పు. కదలని కీలు ఇంకను బిగియును.

బరువు ఎక్కువగా నున్నవారు దానిని తగ్గించుకొనవలెను. ఒక కిలో తగ్గిన యెడల ప్రతి అడుగులోను మోకాలిపై పడు భారము సుమారు 4 కిలోలు తగ్గునని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చూపిరి. చిక్కియున్న కూలీలకు ఈ సలహా వర్తింపదు. వారికి బలమైన తిండియే కావలెను.

చేతికర్రను నొప్పిలేని కాలివైపు చేతితో పట్టుకొనవలెను. చాలమంది నొప్పియున్న వైపే పట్టుకొని ఫలము పొందలేకున్నారు. పీటకు బదులు ఎత్తైన బల్ల, నేలపడకకు బదులు మంచము, మరుగుదొడ్డిలో ఎత్తుపీట లేక పట్టుకొనుటకు కడ్డీ, ఇవి మోకాలికి నిజమైన మందులు.

పూతమందులలో డైక్లోఫెనాక్ వంటివి మ్రింగు మాత్రల కంటె తక్కువ హానికరములు. మాత్రలు కడుపునకు, మూత్రపిండములకు, గుండెకు కీడు చేయగలవు. వైద్యుడు చెప్పిన మోతాదులో కొద్ది దినములే వాడవలెను. పేరులేని పొట్లములలో కట్టి యిచ్చు మాత్రలను ఎన్నడును కొనరాదు.

ఇన్నియు చేసినను నిద్రపట్టని నొప్పి యుండి, నడక పూర్తిగా తగ్గినవారికి కీలుమార్పిడి శస్త్రచికిత్స కలదు. మోకాలి కృత్రిమ కీళ్ళ ధరలకు కేంద్ర ప్రభుత్వము 2017 ఆగస్టులో పరిమితి విధించినది. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏమేమి లభించునో ఆసుపత్రిలోని పథక సహాయకుని అడిగి తెలిసికొనవలెను.

ప్రయత్నింపదలచినవారు

జెల్ సూదిమందును ఎవరును వేయించుకొనరాదని మేము చెప్పుట లేదు. వ్యాయామము శ్రద్ధగా చేసియు ఫలము పొందనివారు, మూత్రపిండముల వ్యాధివలన మాత్రలు వాడరానివారు, శస్త్రచికిత్సకు ఇంకను సమయము రానివారు, అప్పు చేయకుండ ఖర్చు భరింపగలవారు వైద్యునితో మాటలాడి ఒకసారి ప్రయత్నింపవచ్చును. అట్టివారు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

సూదికి ముందే ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాయించుకొనవలెను. ఎంత దూరము ఆగకుండ నడువగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, నొప్పి పదింటికి ఎంత. వైద్యుని అడిగి మందు పేరు, ఎన్నిసార్లు వేయుదురు, మొత్తము ఖర్చెంత, ఇబ్బంది కలిగిన ఎవరిని చూడవలెను అనునవియు వ్రాసికొనవలెను. రసీదు తీసికొనవలెను. 8 వారముల తరువాత ఆ కాగితమునే తీసి సరిచూచుకొనవలెను. నడక పెరిగినదా? మేలు. పెరుగలేదా? మరల అదే సూదికి డబ్బు పోయరాదు. సూది వేయించుకొన్నను వ్యాయామము మానరాదు.

పంచాయతీ చేయగలిగినది

నెలకొకసారి ఏ.ఎన్.ఎమ్., ఆశా కార్యకర్తల సహాయముతో వృద్ధులను పంచాయతీ కార్యాలయమున కూర్చి వ్యాయామములను నేర్పింపవచ్చును. కార్యాలయము, పాఠశాల, రేషను దుకాణము, బస్సు ఆగు చోటు, వీటివద్ద కూర్చుండుటకు ఎత్తైన అరుగులును, మెట్ల ప్రక్క పట్టుకడ్డీలును ఏర్పాటు చేయవచ్చును. సామూహిక మరుగుదొడ్లలో ఒకటైనను ఎత్తుపీట గలదిగా నుండవలెను. ఊరిలో ఎవరైనను అర్హత లేకుండ కీళ్ళలోనికి సూదులు వేయుచున్న యెడల ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తెలుపవలెను. వీటిలో పెద్ద ఖర్చు గలది లేదు.

ఇక అరుగుమీద కూర్చున్న ఆమె సంగతి. ఆమెతో సభ్యుడు ఇట్లు చెప్పవచ్చును: “పెద్దమ్మా, ఆ సూది వేసినా అరిగిన పొర మళ్ళీ మొలవదు. కొందరికి కొన్నాళ్ళు సుఖమనిపించవచ్చు, అంతే. దాని కోసం గేదెను అమ్మవద్దు. రేపు మన ఆరోగ్య కేంద్రములో డాక్టరుగారికి చూపిద్దాం. ఈ మూడు కసరత్తులు మూడు నెలలు చెయ్యి. అప్పటికీ తగ్గకపోతే, నేనే నీతో పట్టణానికి వస్తాను.”

గేదె పాక లోనే యుండును. ఆమె పూటపూటకు కాలు చాపి పది లెక్కించును. మూడు నెలల తరువాత సభ్యుడు తన మాట నిలుపుకొని, ఆమె నడక ఎట్లున్నదో చూచి రావలెను. సలహా చెప్పుటతో సభ్యుని పని ముగియదు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరిలో ‘గుజ్జు’ అని దేనిని పిలుచుచున్నారు? రెండు వస్తువుల భేదమును ఎట్లు వివరింతుము?

2. గత సంవత్సరమున మోకాలి చికిత్స కొరకు మన వార్డులో ఎన్ని కుటుంబములు అప్పు చేసినవి, లేక పశువును, బంగారమును అమ్మినవి?

3. నడువలేని వృద్ధుడు మన పంచాయతీ కార్యాలయపు మెట్లు ఎక్కగలడా? ఎక్కలేకున్న మనము ఏమి చేయవలెను?

4. వ్యాయామములను నేర్పుటకు ఎవరు, ఏ దినమున, ఎచ్చట కూర్చుండగలరు?